ఆరని బ్రేకు లైటు

ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటు వెయ్యాల్సిందే. ఆ సాయంత్రం బయట ముసురు పట్టింది. ర్యాంపు మీదుగా వాననీళ్ళు సన్నగా జారి స్తంభాల మొదళ్ళలో మడుగు కడుతున్నాయి. తడి సిమెంటు వాసన. పెట్రోలు వాసన. ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు.

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆమె టార్చి పట్టుకుంది. ఎదురుగా సెంటర్ స్టాండు మీద కూతురి స్కూటరు. దాని వెనక చక్రం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని తమ్ముడు. చిన్నప్పుడు కూడా బొమ్మలు వద్దని పానాలతో ఆడుకునేవాడు. అందుకే అందరికీ వాడు పానాగాడే. ఇప్పుడు సొంత మెకానిక్ షెడ్డు ఉంది.

"లైటు చక్రం మీద వెయ్యి అక్కా, నా మొహం మీద కాదు."

"బట్టతల మెరుస్తోంటే చెయ్యి అటే పోతోందిరా."

"నవ్వు, నవ్వు. నీ కూతురు మాత్రం డ్యూటీకి ఆలస్యమైందని పైనుంచి నా ప్రాణం తోడేస్తోంది."

కూతురికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఆటో దొరకని రోడ్డు. అందుకే ఈ సెకండ్ హ్యాండ్ బండి కొన్నారు. బండి బాగానే నడుస్తోంది. ఒక్కటే జబ్బు... బ్రేకు లైటు ఆరదు. బ్రేకు నొక్కినా నొక్కకపోయినా వెనక ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. అలా వెలిగితే వెనకొచ్చే లారీవాడికి ఇది ఎప్పుడు ఆగుతుందో ఏం తెలుస్తుంది? ఆమెకు నిద్ర పట్టనివ్వనిది అదే. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. లైటు బాగుపడితేనే బండి గేటు దాటేది అని తేల్చి చెప్పేసింది.

తమ్ముడు బండి వెనకభాగాన్ని గోడకు దగ్గరగా పెట్టాడు. ముందు కూర్చున్నా, లైటు వెలిగితే గోడ మీద ఎర్రటి వెలుగు తెలుస్తుంది. ఇప్పుడు గోడంతా ఎరుపే.

ముందు హ్యాండిల్ దగ్గర స్విచ్చి విప్పాడు. పెట్రోలుతో కడిగి, నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. గోడ ఎర్రగానే ఉంది.

అప్పుడు ఎడమచేతి బ్రేకు లివరు చూశాడు. అది పూర్తిగా బయటికి రాలేదు. కొద్దిగా లోపలికి నొక్కుకునే ఉంది. వేలితో బయటికి లాగాడు. లైటు ఆరింది. వేలు తీశాడు. లివరు మెల్లగా... చాలా మెల్లగా లోపలికి వెళ్ళింది. గోడ ఎర్రబడింది.

"దొంగ దొరికాడు. బ్రేకు మరీ బిగించేశారు అక్కా. కేబులు లాగేస్తోంది, లివరు వెనక్కి రాలేకపోతోంది. చక్రం దగ్గర నట్టు వదులు చేస్తే సరి."

నట్టు కొంచెం వదులు చేశాడు. లివరు బయటికి రావాల్సింది పోయి ఇంకా లోపలికి వెళ్ళింది.

ఇంకొంచెం వదులు చేశాడు. ఇంకా లోపలికి.

"ఒరేయ్..."

"చూస్తున్నా."

"ఎవరో నొక్కుతున్నట్టు లేదూ?"

"నువ్వే నొక్కుతున్నావు, నా బుర్రని." రబ్బరు పిడి వైపు ఆమె టార్చి తిప్పింది. మెత్తటి రబ్బరు మీద చిన్న చిన్న గుంటలు. పక్కపక్కనే. వేళ్ళు దిగినట్టు.

"ఇక వద్దులేరా. పైకి పోదాం."

"ఒక్క నట్టుకి భయపడితే షెడ్డు మూసుకోవాలి." పూర్తిగా విప్పేశాడు. నట్టు నేల మీద పడి టంగుమని దొర్లింది.

లివరు పిడిని కొట్టుకుంది. వదిలింది. మళ్ళీ కొట్టుకుంది. టక్. టక్. టక్. గోడ ఎరుపు, చీకటి, ఎరుపు, చీకటి. దారిలో అడ్డం వచ్చిన దాన్ని చూసి, ఆగని బండి మీద ఎవరో బ్రేకు నొక్కుతున్నట్టు.

తర్వాత చక్రం కదిలింది.

"ఇంజను ఆఫ్‌లోనే ఉందే..." అన్నాడు తమ్ముడు.

వాడు అన్న ఆఖరి మాట అదే.

చక్రం ఒక్కసారిగా గిర్రున తిరిగింది. చేతులు తుడుచుకోవడానికి వాడు మెడలో వేసుకున్న గుడ్డ కొస టైరుకు చిక్కింది. లాగింది. వాడి బుగ్గ టైరుకు అంటుకుంది. కాలిన రబ్బరు వాసన... దాంతోపాటు ఇంకో వాసన. అడ్డం పెట్టిన కుడిచెయ్యి మడ్‌గార్డు కిందికి పోయింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. మళ్ళీ. మళ్ళీ. నెత్తురు గోడ మీద ఎర్రటి వెలుతురులో చిమ్మింది, ఏది ఏదో తెలియలేదు.

ఆమె టార్చి వదిలేసింది. తాళంచెవి లాగేసింది. చక్రం ఆగలేదు. రెండు చేతులతో లివరు పట్టుకుంది.

అక్కడ ముందే వేళ్ళున్నాయి.

సన్నటి వేళ్ళు. ఐసులా చల్లగా. గోళ్ళు కొరుక్కున్న వేళ్ళు. ఆమె అరచేతుల కింద వణుకుతున్నాయి. చెవి పక్కన, తడిజుట్టు తగిలినంత దగ్గరగా, గుసగుస.

"ఎందుకు విప్పారు ఆంటీ..."

ఆమె లివరు వదల్లేదు.

"అది ఆగదు... చేతులు పీక్కుపోతున్నాయి ఆంటీ..."

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇన్నాళ్ళూ లైటు ఆరకపోవడం జబ్బు కాదు. ఎవరో వదలకుండా పట్టుకునే ఉన్నారు. తామే వచ్చి ఆ పట్టు ఊడదీశారు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. తయారై, చున్నీ భుజం మీద వేసుకుని, హెల్మెట్ చేతికి తగిలించుకుని కూతురు.

"అయిందా మామయ్యా? ఇంకా..."

బండి పిల్ల మాట వినిపించిన వైపు తిరిగింది.

స్టాండు నేలను గీకుతూ జరిగింది. చక్రం నేలకు తగిలిన ప్రతిసారీ బండి ఎగిరి ముందుకు దూకింది, వెనకాల తమ్ముణ్ణి మెడపట్టి ఈడ్చుకుంటూ. పిల్ల కొయ్యబారిపోయింది. ఆమె హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఆగలేదు. పట్టు వదిలి, నేల మీద పడి, చక్రం పక్కకు పాకింది. కేబులు ఊడిన చోట వేలెడంత ఇనుప పట్టీ ఉంటుంది. బ్రేకును బిగించేది అదే. దాన్ని రెండు అరచేతులతో, తన బరువంతా వేసి, ముందుకు తోసింది. ఇనుము చేతిలోకి దిగింది. ఇంకా తోసింది.

చక్రం కీచుమంది. మూలిగింది.

ఆగింది.

ముందుచక్రం పిల్ల చెప్పులకు ఆనుకుని ఉంది.

"నట్టు," అంది ఆమె పళ్ళ బిగువున. "నీళ్ళలో వెతుకు... నట్టు."

పిల్ల మడుగులో చేతులు పెట్టి దేవింది. దొరికింది. ఆ పట్టీకి కేబులు ఎక్కించి, తిప్పింది. తిప్పింది. ఇక తిరగనంత వరకు తిప్పింది. గోడ మీద ఎర్రటి వెలుగు నిలకడగా నిలిచింది.

అప్పుడు గానీ ఆ పిల్లకు ఏడుపు రాలేదు.

తమ్ముడు బతికాడు. బతుకంటే బతుకే. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. గొంతు నలిగి మాట పడిపోయింది. షెడ్డు మూతపడింది. ఇప్పుడు ఎర్రదీపం ఏది కనబడినా కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. ఆమె చూడటానికి వెళ్ళినప్పుడు వాడు ఆమె చేతుల్లోకి చూస్తాడు, కట్ల కింద ఇంకా ఆ వేళ్ళ చలి ఉందని తనకు తెలుసన్నట్టు.

బండిని ఆమె ఎవరికీ అమ్మలేదు. ట్రాలీ మీద వేయించి, తానే పక్కన కూర్చుని తుక్కు దుకాణానికి తీసుకెళ్ళింది. నట్టు ముట్టుకోవద్దని దుకాణంవాడికి చెప్పింది. వాడు వింతగా చూశాడు.

"బ్యాటరీ పీకేశాం కదమ్మా, ఇంకా ఈ లైటేంటి?"

"అలాగే నలిపెయ్యి బాబూ. వెలుగుతుండగానే."

మిషను కిందికి దిగింది. ఇనుము నలిగింది. ఎర్ర అద్దం పగిలింది. ఆమె చివరిదాకా నిలబడి చూసింది. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

కూతురు మళ్ళీ డ్యూటీకి బయల్దేరింది. ఆసుపత్రి వాళ్ళు ఇప్పుడు స్టాఫుకి బస్సు పెట్టారు. గేటు ముందుకే వస్తుంది. యాభైమంది మధ్యలో కూర్చుని వెళ్తుంది, ఇక బెంగేముంది?

ఆమె బాల్కనీలో నిలబడింది. పిల్ల ఎక్కింది, కిటికీలోంచి చెయ్యి ఊపింది. "లోపలికి పో అమ్మా, వానలో తడవకు!"

బస్సు కదిలింది. వేగం అందుకుంది. రోడ్డు ఖాళీ. అడ్డం ఏమీ లేదు. ఆపాల్సిన పనేమీ లేదు.

వెనక రెండు బ్రేకు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి.

ఆమె బాల్కనీ ఊచల్ని పట్టుకుంది. పట్టుకునే ఉండు తల్లీ, అంది లోలోపల, ఎవరితోనో.

బస్సు రోడ్డు చివర మలుపు దాకా వెళ్ళింది. తిరగబోతూ ఉండగా, రెండు లైట్లలో ఒకటి ఆరిపోయింది.