ఇనుప ఏనుగూ ఒక ఉడుతా

వసపిట్ట నోరు మూతపడటం ఆ హాల్లో ఎవరూ అంతకుముందు చూసి ఎరగరు.

అతనికి ఆ పేరు పెట్టింది వాళ్లక్క. వింత మృగాల్ని బరిలోకి దింపి కొట్లాడించే వీడియో గేమ్‌కి టోర్నమెంట్లు నడిపేది ఆవిడే. పెద్ద తెర మీద ఆట సాగుతుంటే అద్దాల గదిలో కూర్చుని మైకులో వ్యాఖ్యానం చెప్పడం తమ్ముడి పని. జీతం అంతంతమాత్రం. కానీ ఊరికే మాట్లాడితే డబ్బులిచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ శనివారం సెమీఫైనల్. ఒకవైపు ముందేడాది విజేత, అతని ఇనుప ఏనుగు. ఇంకోవైపు మోచేతి దాకా గ్రీజు మరకలతో పని నుంచి నేరుగా వచ్చిన ఒకమ్మాయి, ఆమె ఉడుత. ఆ ఉడుతను ఏనుగు ముందు చూడగానే జనానికి నవ్వొచ్చింది.

ఈ ఆటలో ప్రతి మృగానికీ బలం, రక్షణ, వేగం అని అంకెలుంటాయి. బెదిరించో, బురద చల్లో ఎదుటిదాని అంకెలు తగ్గించడం ఆటలో సగం విద్య. ఆ విద్య ఇనుప ఏనుగు దగ్గర పనిచేయదు. దానికి 'నిలకడ' అనే గుణం ఉంది. శత్రువు తలకిందులుగా తపస్సు చేసినా దాని అంకెల్లో వెంట్రుకవాసి తగ్గదు. అందుకే విజేత నిశ్చింతగా ఏనుగు చేత రక్షణ పెంచుకుంటూ కూర్చున్నాడు.

అమ్మాయి మాత్రం ఉడుత చేత 'తెగింపు' అనే దెబ్బ కొట్టించింది. ఆ దెబ్బ గట్టిదే గానీ, కొట్టిన ప్రతిసారీ కొట్టినదాని రక్షణే పడిపోతుంది. ఏనుగుకి చీమ కుట్టినట్టయింది. ఆమె మళ్లీ అదే కొట్టించింది.

"తన గొయ్యి తానే తవ్వుకుంటోందండీ ఉడుత. ఎవరైనా ఆ అమ్మాయి చేతిలోంచి పార లాక్కోండి," అన్నాడు వసపిట్ట. హాలంతా గొల్లుమంది.

మూడోసారి తన వంతు రాగానే ఆమె 'తారుమారు' నొక్కింది. ఇద్దరి హెచ్చుతగ్గులూ చేతులు మారే విద్య అది. ఏనుగు కష్టపడి పెంచుకున్న రక్షణంతా ఉడుత ఒంటి మీదికొచ్చింది. ఉడుత తనంతట తాను పోగొట్టుకున్నదంతా ఏనుగు నెత్తిన పడింది. నిలకడ నిలకడగానే ఉంది. చూస్తూ ఊరుకుంది, అంతే. తర్వాత ఒక్క దెబ్బకి ఇనుప ఏనుగు మోకాళ్ల మీద కూలింది.

వసపిట్టకి మాట రాలేదు. ఏడేళ్లుగా ఈ ఆట చూస్తున్నాడు, ఇంత అందమైనది చూడలేదు. అంత పెద్ద గోడను బద్దలు కొట్టకుండా, ఎక్కకుండా, ఆ గోడే దారి ఇచ్చేలా చేసిన మనిషి అక్కడ కూర్చుని చేతి రుమాలుతో గ్రీజు తుడుచుకుంటోంది. ఆమెను చూస్తుంటే గుడిలో నిలబడినట్టు అతని చేతులు వాటంతటవే దగ్గరికొచ్చాయి.

ఇంతలో అద్దం అవతల నుంచి అక్క గుడ్లురిమింది. మైకు మూగబోతే ఎలా? ఇప్పుడే ఎగతాళి చేసి ఇప్పుడే మెచ్చుకుంటే పరువేం కాను అనిపించి, అతను నోటికొచ్చింది అనేశాడు.

"అదృష్టం అంటే ఇదండీ. పాపం ఆ అమ్మాయికి కలిసొచ్చింది."

ఆట అయ్యాక ఆ అమ్మాయి అద్దాల గది తలుపు తట్టింది. అరుస్తుందేమోనని అతను నీళ్ల సీసా పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆమె అరవలేదు.

"గొయ్యి అన్నారు, ఫరవాలేదు. అదృష్టం అన్నారు చూడండి, అది తప్పు. నిలకడ ఎదుటివాళ్లు తగ్గించడాన్నే ఆపుతుంది. నన్ను నేను తగ్గించుకుంటే ఆపదు. ఇచ్చిపుచ్చుకోవడాన్నీ ఆపదు. నాలుగు నెలలు కూర్చుని తేల్చుకున్నాను."

"నాకు తెలుసండీ," అన్నాడతను చిన్నగా.

"మరి?"

"తెలిసే అన్నాను. అందుకే సిగ్గుగా ఉంది."

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసి, ఇంత మాట్లాడే మనిషికి నిజం కూడా వచ్చన్నమాట అని నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వుతో మనవాడి పని అయిపోయింది.

ఆమె లిఫ్ట్ మెకానిక్. తండ్రి కూడా అదే పని, ముప్పై ఏళ్ల అనుభవం. అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. వసపిట్ట ఆటలో సందేహాలు అడిగే నెపంతో ఆమె పనిచేసే భవనాలకి వెళ్లడం మొదలుపెట్టాడు. పై అంతస్తులో మోటారు గది బయట వాన తగ్గేదాకా కూర్చుని, తగ్గిస్తే రెట్టింపు రెచ్చిపోయే గుణాల గురించీ, వచ్చిన దెబ్బని వచ్చినవాళ్లకే తిప్పికొట్టే గుణాల గురించీ, పక్కనున్న తోడుని కూడా కాపాడే గుణాల గురించీ ఆమె చెబుతుంటే వినేవాడు. సందేహాలు నాలుగు రోజుల్లో అయిపోయాయి. వానలు నెలన్నర ఉన్నాయి. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

చిక్కు వేరే చోట వచ్చింది. ఒకరోజు ఆమె మరచిపోయిన గొడుగు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాడు. తలుపు తీసిన ఆమె కంగారుగా అతని చెవి దగ్గరికి వంగింది. "నోరు తెరవకు. నాన్న నీ గొంతు గుర్తుపడతారు."

ఆ సెమీఫైనల్ వీడియోని మేస్త్రీ చూశారట. పార మాటకి పళ్లు నూరారు, అదృష్టం మాట దగ్గర ఫోను కట్టేశారు. ఆట ఆయనకి తెలియదు. గెలుపు కలిసొచ్చిందేనని నమ్మారు గానీ, తన కూతుర్ని పాపం అన్నవాడిని మాత్రం క్షమించలేదు. మొహం చూడలేదు కాబట్టి ఆ గొంతునే పగబట్టారు.

అలా వసపిట్ట మూగనోము పట్టాడు. మేస్త్రీ పలకరిస్తే తలూపేవాడు. కుర్చీ చూపిస్తే దణ్ణం పెట్టి కూర్చునేవాడు. ఆయన లిఫ్టుల కథలు చెబుతుంటే కళ్లప్పగించి వినేవాడు. ఈ కాలంలో ఇంత మితభాషి దొరకడం మా అదృష్టం అని ఆయన మురిసిపోయారు. ఆ మాట విన్న అక్క కుర్చీలోంచి కిందపడేదాకా నవ్వింది.

నవ్వులాట ఎంతోకాలం సాగలేదు. మేస్త్రీ ఆదివారం వసపిట్ట అక్కని పిలిచి పెళ్లి సంబంధం మాట్లాడతానన్నారు. ఆ కబురు చెబుతున్నప్పుడు అమ్మాయి మొహంలో సంతోషం లేదు.

"నాన్నని మోసం చేసి పెళ్లి చేసుకోను. నువ్వు ఎవరో చెప్పు. కోప్పడి వద్దంటే నేను ఎదురు చెప్పలేను. అయినా చెప్పు."

"నీ మాటగా నువ్వు చెప్తే మెత్తబడతారేమో."

"నోరు నీది. నేనెలా చెప్పను?"

ఆదివారం మేస్త్రీ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. గోడ వారన తాడు చుట్టలు, బల్ల మీద విప్పిన బేరింగులు. మేస్త్రీ గొంతు సవరించుకునే లోపే వసపిట్ట లేచాడు.

"ఆ పార మాట అన్నవాణ్ణి నేనేనండి."

మేస్త్రీ మొహం ఎర్రబడింది. గొంతు విన్నాక ఇంక వివరం అక్కర్లేదు. ఆయన కూతురి వైపు చూశారు, ఆమె తల దించుకుంది. అక్క చేతిసంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

"వెళ్లమంటే వెళ్తానండి. కానీ ఒక్కటి సరిదిద్ది వెళ్తాను. అది అదృష్టం కాదు. నాకు తెలిసి కూడా అబద్ధం చెప్పాను."

"కాకపోతే మరేమిటి?" అన్నారు మేస్త్రీ కరుకుగా.

అప్పుడు వసపిట్ట చెప్పాడు. బల్ల మీది పెద్ద బేరింగుని ఏనుగన్నాడు, చిన్న నట్టుని ఉడుతన్నాడు. లోకంలో ఎవరూ తగ్గించలేని ఏనుగు ముందు ఉడుత తనని తాను తగ్గించుకోవడం చెప్పాడు. వందలమంది నవ్వుతుంటే ఆమె చెయ్యి వణక్కపోవడం చెప్పాడు. రెండు చేతులతో నట్టునీ బేరింగునీ ఇటునుంచి అటు మార్చి, అక్కడ ఆగాడు. మైకు ముందు ఏనాడూ అలా మాట్లాడలేదు. "నేను ఎన్నో ఆటలు చూశానండి. ఆ రోజు మాత్రం నా ఎదురుగా ఉన్నది ఆట అనిపించలేదు. ఇలాంటి బుర్ర ఉన్న మనిషి బతికున్న కాలంలో నేనూ బతికున్నాను కదా అనిపించింది. ఆ మాట అనే ధైర్యం లేక అదృష్టం అన్నాను."

అమ్మాయి కళ్లు చెమర్చాయి. ఇన్ని నెలల్లో అతను ఆమెతో కూడా ఈ మాట అనలేదు.

మేస్త్రీ చాలాసేపు బల్ల మీది బేరింగుని వేలితో తిప్పుతూ ఉండిపోయారు.

"అంటే తాడు తెగితే పట్టుకునే బ్రేకు లాంటిదా ఆ నిలకడ," అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "పడిపోతే పట్టుకుంటుంది. కేబిన్ మామూలుగా దిగి, తాడు రెండో కొసకి కట్టిన బరువు పైకెక్కితే మాత్రం దానికి తప్పు కనపడదు. ఎవరూ పడలేదు కదా, చోట్లు మారాయి." ఆయన తలెత్తారు. "అమ్మా, ఇది ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే నాన్నా. నాకు పదేళ్లప్పుడు మోటారు గదిలో కూర్చోబెట్టి చూపించావు."

మేస్త్రీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి. ఫోను తీసి వసపిట్ట చేతిలో పెట్టి, ఆ రోజు కట్టేసిన వీడియోని మొదట్నుంచి పెట్టమన్నారు.

"ఆ వెధవ గొంతు వినపడకుండా పెట్టు. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, అల్లుడూ."