ముప్పై ఒకటో గడి

2068 నాటికి విశాఖపట్నం నుంచి మన్యం ఆసుపత్రులకు మందులు మోసే వ్యాన్లు తమంతట తామే నడిచేవి. అయినా ప్రతి వ్యానులో ఒక డ్రైవరు కూర్చోవాలని చట్టం. అవసరమనిపిస్తే అతను స్టీరింగ్ అందుకోవచ్చు. దాన్ని ‘చేతిపట్టు’ అనేవారు.

సుగుణమణికి అలాంటి వ్యాన్లు ఇరవై రెండు. అన్నిటికీ కలిపి ఉన్న బీమా శుక్రవారం సాయంత్రంతో ముగుస్తుంది. కొత్త దరఖాస్తు ఆమోదం పొందకపోతే శనివారం ఒక్క వ్యానూ గేటు దాటదు.

దరఖాస్తును పరిశీలించేది ప్రమాద గణకం. వ్యాన్ల సెన్సర్లలో నమోదైన ఏడాది ప్రయాణాన్ని ఒక్క నిమిషంలో చదివి, ఏ డ్రైవరు వల్ల ఎంత ముప్పో చెప్పే యంత్రమది. బుధవారం ఉదయం అది తేల్చి చెప్పింది.

“తొమ్మిదో వాహనం డ్రైవరు బెవర పైడిరాజు ఏడాదిలో 212 సార్లు చేతిపట్టు వాడారు. ఆయన్ను తొలగిస్తే దరఖాస్తు ఆమోదిస్తాను.”

“ఎందుకు వాడాడో అడగవా?” అంది సుగుణమణి.

“కారణాలకు దరఖాస్తులో ముప్పై ఒకటో గడి ఉంది. నింపడం తప్పనిసరి కాదు.”

సుగుణమణి పైడిరాజును పిలిపించింది. పదకొండేళ్లుగా ఆమె దగ్గరే పనిచేస్తున్నాడు.

“ఏటి రాజూ, రెండొందల పన్నెండు సార్లా?”

“గుర్తున్నకాడికి సెప్తానమ్మగారూ. అన్నీ రాత్తారేటి?”

“రాస్తాను. కూర్చో.”

ఆమె తేదీ, చోటు చదివితే అతను జరిగింది చెప్పాడు. పాడేరు ఘాటీలో రోడ్డు మీద ఆరబోసిన మిరియాలను వ్యాను తారురోడ్డే అనుకుని తొక్కబోయింది. సంతరోజున పిల్లలు తల్లుల వెనకనుంచి పరుగున వచ్చారు. పొగమంచులో దూడ. చాలావాటికి ఇవే కారణాలు. నూట నలభయ్యోదాని దగ్గర పైడిరాజు తల దించుకున్నాడు.

“ఆవేళ మా ఆడదానితో తగువమ్మా. కోపంలో నేనే బండి లాగించేసినాను. అదీ రాత్తారా?”

ఆమె రాస్తూనే అంది: “అదీ రాస్తాను.”

శుక్రవారం నాలుగింటికి 212 కారణాలూ పూర్తయ్యాయి. నిమిషం గడిచినా గణకం బదులు చెప్పలేదు. పదకొండు నిమిషాలు గడిచాయి. తరవాత తెర మీద ఒక పెద్దావిడ కనిపించింది. గణకాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి.

“మీ దరఖాస్తు ఆమోదం పొందింది. గణకం తన లెక్క మార్చుకోవడానికి నా అనుమతి అడిగింది. ఈ పందొమ్మిదేళ్లలో ఆ గడి నింపిన మొదటి యజమాని మీరేనమ్మా.”

“మొదటిదాన్నా?”

“అవును. కారణం కనబడని ప్రతి చేతిపట్టునూ అది మనిషి తప్పుగానే నేర్చుకుంది. డ్రైవర్లను అనుమానించమని మేం దానికి నేర్పలేదు. మీ యజమానుల ఖాళీ గడులే నేర్పాయి.”

పైడిరాజు దండం పెట్టబోయాడు. సుగుణమణి అతని చేతులు పట్టుకుని ఆపింది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేదు.

“డాక్టరుగారూ, నా పాత దరఖాస్తులు తెరవగలరా?”

తెరిచారు. గత మూడేళ్లలో గణకం చెప్పగానే ఆమె తీసేసిన ముగ్గురి పేర్లు వరసగా వచ్చాయి. మొదటి పేరు గురివినాయుడు. మూడింటి పక్కనా గడి ఖాళీ.

“గురివినాయుడు ఇప్పుడెక్కడున్నాడు రాజూ?”

“ఆనందపురంలో పూల మూటలు మోస్తన్నాడమ్మా.”

ఆమె చెప్పులు వేసుకుంది.

“పద. తీసేసిననాడు, స్టీరింగు ఎందుకు పట్టుకున్నావని నేనతన్ని ఒక్క మాటా అడగలేదు.”