అప్పగించని ఓడ

ఓట్స్ జావ తాగి, గుడ్డు సగం తిని, కెప్టెన్ తోరోల్డ్ నీలం కోటు తొడుక్కున్నాడు. ఎడమ రొమ్ము మీద వరుసగా మూడు పతకాలు పెట్టుకున్నాడు: బాల్టిక్, క్రిమియా, చైనా. నాలుగోది ఆఫ్రికా తీరాన జరిగిన అశాంటీ యుద్ధానిది. అది ఇరవై ఏళ్ళుగా పెట్టె దాటి రాలేదు. ఎందుకని కూతురు హెస్టర్ ఎప్పుడడిగినా, "అది నాది కాదమ్మా" అనేవాడు. దాని అంచున చెక్కి ఉన్నది మాత్రం ఆయన పేరే.

హెస్టర్ వీధి తలుపుకి తాళం వేసి, చెవి జేబులో దాచుకుంది. లేకపోతే ఆయన సౌత్‌సీ రేవుకి పోయి, ఎప్పుడో వదిలొచ్చిన ఓడ నుంచి తన కోసం పడవ రాలేదేమని నిలబడతాడు. మొన్న మంగళవారం నడుంలోతు నీళ్ళలోకి దిగితే చేపలవాళ్ళు పట్టుకొచ్చారు.

ఆ కబురు విని అన్న ఆంబ్రోస్ వచ్చాడు. అతనూ నౌకాదళంలోనే, కమాండరు. యూనిఫారం కూడా మార్చుకోకుండా నేరుగా వచ్చి, రేవు అవతల ఆసుపత్రిలో మతి చెదిరిన అధికారులకు వార్డు ఉందనీ, అన్నీ మాట్లాడాననీ, మధ్యాహ్నానికి బండి వస్తుందనీ చెప్పాడు.

"నాన్నని పంపను," అంది హెస్టర్.

"ఈసారి చేపలవాళ్ళు చూడకపోతే?"

"రెండేళ్ళకోసారి వచ్చి ఆజ్ఞలిచ్చి పోడానికి ఇది నీ ఓడ డెక్కు కాదన్నయ్యా. రాత్రి ఆయన నిద్రలో ఎవరిని పిలుస్తారో నీకు తెలుసా?"

గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు.

"కొత్త కెప్టెన్ వచ్చి ఓడ బాధ్యత అందుకోందే నేను దిగను. ఒకసారి దిగి చెడ్డాను."

హెస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని ఏం జరిగిందని నెమ్మదిగా అడిగింది. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అశాంటీ తీరంలో జ్వరం కమ్మి ఒళ్ళు తెలియని స్థితిలో ఒడ్డుకి మోసుకుపోయారట. కళ్ళు తెరిచేసరికి చుట్టూ కొత్త మొహాలు. ఓడ మరొకరి కింద వెళ్ళిపోయింది. "నా మనుషుల్ని ఎవరి చేతిలోనూ పెట్టకుండా వచ్చేశాను. అలాంటివాడికి పతకమెందుకు?"

హెస్టర్ అన్న వైపు తిరిగింది. "ఆ ఓడ నువ్వు అందుకో," అంది గొంతు తగ్గించి.

తనది కాని ఓడను తనదని చెప్పడం నౌకాదళంలో ఎంత తప్పో ఆంబ్రోస్‌కి తెలుసు. అయినా మెడ దగ్గర గుండీ సర్దుకుని, తండ్రికి ఎదురుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

"ఓడ అందుకోడానికి వచ్చాను, సర్."

ముసలాయన నడుం నిటారుగా నిలిచింది. మంచినీళ్ళ పీపాలెన్ని, మందుగుండు ఎక్కడ ఆరబెట్టింది, ఎవరు తాగుబోతు, ఎవరు నమ్మకస్తుడు, ఒక్కటీ మరిచిపోకుండా అప్పజెప్పాడు. చివర్న దగ్గరికొచ్చాడు.

"ఒక్క మాట. జ్వరపడ్డవాణ్ణి ఒంటరిగా ఒడ్డుకి పంపకు. వాడు కళ్ళు తెరిస్తే తెలిసిన మొహం ఒకటి కనపడాలి. మిగతావన్నీ నువ్వే నేర్చుకుంటావు."

ఆంబ్రోస్ ఎత్తిన చెయ్యి దింపలేకపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోనూ లేదు.

"పంపను, సర్."

"అయితే సరే," అంటూ ఆయన కుర్చీలో వాలాడు. కొడుకు చెల్లెలి చెవిలో, బండి వస్తే తిప్పి పంపెయ్యమనీ, తను నెల సెలవు రాస్తాననీ చెప్పాడు.

బూట్లు విప్పమని తండ్రి కాళ్ళు చాచాడు. ఒక లేసు హెస్టర్ విప్పింది. రెండోది ఆంబ్రోస్ విప్పాడు.