గుమ్మం బయట విడిచిన బూట్లు

"ఏజెంట్ జస్టిన్! ఈ ముక్క నొక్కి చూడు," అన్నాడు చీఫ్ పగిడయ్య.

ఖానాపురం హవేలిలో కింద టైపు ఇన్‌స్టిట్యూట్, పైన సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. కింద టకటకల్లో పైన మాటలు ఎవరికీ వినపడవు.

అది కోసిన రన్నింగ్ షూ సోల్ ముక్క. మడమ కింద జస్టిన్ వేలు మెత్తగా దిగింది. పాదం లోపలి అంచున మాత్రం ఎంత నొక్కినా దిగలేదు.

"మెత్తన కుషనింగ్ కోసం. ఆ గట్టి అంచు స్టెబిలిటీ కోసం. పాదం లోపలికి ఒరగకుండ ఆపుతది. రెండూ ఒక్క సోల్‌ల కుదిర్చింది మన ల్యాబ్. రేపు దమ్మపేట అడవి రోడ్డు మీద ట్రయల్. ఉరికేది లాలి. కల్లూరు దిక్కు తండా పిల్ల. వచ్చే నెల స్పోర్ట్స్ కోటాల పోలీసు ఉద్యోగం ఎక్కాలె."

"డేంజర్ ఏంది సార్?"

"గోల్డెన్ హీల్. విదేశీ ముఠా. అచ్చం గిట్లాంటిదే డూప్లికేట్ చేసిండ్రు. అంతా మెత్తనే, గట్టి అంచు లేదు. అదేసుకొని దిగుడు మీద ఉరికితే చీలమండ మడతపడుతది. ఆ పిల్ల కాలు పోతది, ఉద్యోగం పోతది. ఒరిజినల్ వాళ్ళు ఎత్తుకపోతరు. దమ్మపేటల మన సోల్ డిజైనర్ అక్సా ఉంది. షూస్ ఆమె దగ్గరే ఉన్నయ్. పోయి కాపలా ఉండు."

చీఫ్ కొత్త బూట్ల జత ముందుకు తోశాడు. "నీ బూట్లకు కూడా అదే సోల్. కుడి మడమల ట్రాన్స్‌మిటర్, వైర్ రంపం ఉన్నయ్. ప్రాణం మీదికొస్తే మడమ తిప్పు."

మర్నాడు పొద్దున్నే పెట్టుడు మీసంతో, ఎరువుల కంపెనీ ఏజెంటు వేషంలో జస్టిన్ దమ్మపేటలో ఆ ఇంటి తలుపు తట్టాడు.

"కుషన్ మెత్తనేనా?" అని రహస్య సంకేతం అడిగాడు.

"మెత్తనే. అంచు గట్టిది," అంది అక్సా. ఎర్ర చుడీదార్, నల్ల కళ్ళద్దాలు, ఆ నవ్వు! మనవాడికి యూరియా పేరు కూడా గుర్తులేకుండా పోయింది. "లోపలికి రాండ్రి. ఫోను ఇటియ్యిండ్రి, ఛార్జింగ్ పెడత."

జస్టిన్ ఫోను ఆమె చేతికిచ్చి లోపలికి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"సారీ జస్టిన్ గారూ!" తలుపు అవతల నుంచి అక్సా గొంతు. "డూప్లికేట్ పొద్దుగాలే లాలికి ఇచ్చిన. ఆమె సైజు, నా సైజు ఒక్కటే. ఒరిజినల్ ఇగో, ఇప్పుడే నా కాళ్ళకేసుకున్న. ట్రయల్ కాంగనే మా బాస్ సుమోల ఎక్కుడే."

డబుల్ ఏజెంట్! జస్టిన్ చిన్నగా నవ్వుకుని, వంగి, కుడి మడమ తిప్పబోయాడు.

చేతికి సాక్సు తగిలింది.

ఓరి దేవుడా! బూట్లు గుమ్మం బయటున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, బుద్ధిగా. చిన్నప్పుడు వాళ్ళమ్మ సంపూర్ణ చెవి మెలేసి నేర్పిన మర్యాద ఇన్ని ట్రైనింగులు దాటుకుని పైకొచ్చింది. ఏ దేశపు గూఢచారి అయినా ఈ తప్పు చేస్తాడా, మనవాడు తప్ప?

తలుపుని భుజంతో గుద్దాడు. కదల్లేదు. కిటికీకి లావాటి ఇనుప కమ్మీలు. గొంతు చించుకుని అరిచాడు. వినేవాళ్ళేరీ, ఊరంతా ట్రయల్ చూడటానికే పోయింది. అక్సా మెయిన్ ఆపేసినట్టుంది, ఫ్యాన్ కూడా లేదు. గది ఉడికిపోతోంది. జస్టిన్‌కి భయమేసింది. తన సంగతి సరే. తన మర్యాదకి ఆ పిల్ల కాలు బలైతే?

నేలమీద బోర్లా పడుకుని తలుపు కింది సందులోంచి చూశాడు. కుడి బూటు ముక్కు కనిపించింది. బెల్టు విప్పి, బకిల్‌తో లేసు పట్టి లాగాడు. మెత్తటి వైపంతా నలిగి సందులోకి దూరింది. గట్టి అంచు దగ్గర బిగుసుకుపోయింది.

"స్టెబిలిటీ అంట, స్టెబిలిటీ!" అని ల్యాబ్ వాళ్ళందర్నీ తిట్టిపోశాడు. ఎంత లాగినా రాదు, తోసినా పోదు. అప్పుడు వెలిగింది. అంత బిగుసుకున్న బూటు ఎటూ జారదు కదా! సందులో రెండు వేళ్ళు దూర్చి, చర్మం గీరుకుపోతున్నా మడమ పట్టుకుని తిప్పాడు. మడమ ఊడింది. రంపం, ట్రాన్స్‌మిటర్ చేతికొచ్చాయి. చెక్‌పోస్టు పోలీసులకి కబురు పంపి, రంపంతో కిటికీ కమ్మీలు కోసి బయటికి దూకాడు.

ఒళ్ళంతా చెమటలో తడిసి, ఉత్త సాక్సులతోనే షేర్ ఆటో ఎక్కాడు. "జల్దీ పోనియ్యన్నా!"

అడవి రోడ్డు దిగుడు మొదట్లో ముత్యాలమ్మ గద్దె ఉంది. ట్రయల్‌కి ముందు పెద్దాఫీసరు అక్కడ కొబ్బరికాయ కొడుతున్నాడు. జనం కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు. లాలి అందరికంటే ముందుంది. వెనక అక్సా. ఎవరు ఏ దేవుడికి మొక్కినా, ఈ దిక్కు పుట్టినవాళ్ళెవరూ గద్దె ముందు చెప్పులతో నిలబడలేరు. అందరి చెప్పులూ ఒక పక్కన కుప్పగా ఉన్నాయి.

కుప్పలో అచ్చుగుద్దినట్టు రెండు జతల షూస్! జస్టిన్ ఒక జత లోపలి అంచు నొక్కాడు. బొటనవేలు నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోయింది. ఇది లాలి విడిచింది. రెండోది నొక్కాడు. దిగలేదు. చటుక్కున జతల చోట్లు మార్చేశాడు.

విజిల్ మోగింది. లాలి దిగుడు మీద ఉరికింది. మలుపులో పాదం లోపలికి ఒరగబోయింది, అంతలోనే నిటారుగా నిలబడింది. జస్టిన్ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

అప్పుడు చూసింది అక్సా అతన్ని. గబగబా షూస్ తొడుక్కుని కింద ఆగి ఉన్న సుమో వైపు ఉరికింది. సగం దిగుడులోనే చీలమండ మడతపడి కూలబడింది. బాస్ ఆమె కోసం ఆగలేదు. చెక్‌పోస్టు పోలీసులు మాత్రం అతని కోసమే ఆగి ఉన్నారు.

"నా షూస్ నీకెట్ల దొరికినయ్?" అక్సా మూలుగుతూ అడిగింది.

"నీకు గూడ అమ్మ ఉన్నది గద తల్లీ," అన్నాడు జస్టిన్. "గద్దె కాడ విడిచినవ్."

సాయంత్రం చీఫ్ మండిపడ్డాడు. "బూట్లల సామాను పెట్టింది గుమ్మం బయట విడువనీకా?"

జస్టిన్ తలుపు వైపు చూశాడు. బయట చీఫ్ చెప్పులున్నాయి.

"ఈసారి బెల్టుల పెట్టుండ్రి సార్. ఎవ్వరింటికి పోయినా బెల్టు బయట విడిచి రమ్మనరు."