లాలవంపు

ఆ ఉదయం మబ్బు ఆదోని మీదికి వచ్చింది. కాని ఆ వారం వాన వంతు ఏటి అవతలివాళ్లది. గాలిపడవలు మబ్బును గొర్రెల మందలా పడమటికి తోలుకుపోతున్నాయి. కపాలశాల వైద్యుడు సుంకన్న కిటికీలోంచి అది చూసి, చేతులు కడుక్కుని, వరసలో తొమ్మిదో బిడ్డను పిలిపించాడు.

ఏడు నెలల పిల్ల. పేరు మల్లి. తల్లి తిప్పక్క బల్ల మీద పడుకోబెట్టింది. బల్ల పైన వేలాడే కొలత యంత్రం, పిల్ల తల చుట్టూ ఒకసారి వెలుగు తిప్పి తేల్చేసింది.

"లాలవంపు. శస్త్రం అక్కర్లేదు. ఏడాదికి మళ్లీ తీసుకురండి."

ఈ సీమలో లాల పోసేటప్పుడు, గుండ్రంగా రావాలని పెద్దవాళ్లు బిడ్డ తల ఒత్తుతారు. ఆ సంగతి కొలతకు ఎవరో ఎప్పుడో నేర్పారు. అప్పటినుంచి ఇక్కడి తల ఏది వంకరగా ఉన్నా, తప్పు ఒత్తిన చేతి మీదికే తోసేస్తుంది.

సుంకన్న వాళ్లను పంపలేదు. పిల్ల ఎడమ నుదురు చదునుగా ఉంది. ఆ పక్క కంటిగూడు పైకి లాగినట్టుంది. ముక్కు మొదలు అటే వాలింది. నడినెత్తి నుంచి చెవి వైపు వేలు జార్చాడు. పుర్రె ఎముకల మధ్య మెత్తగా ఉండాల్సిన అతుకు చేనిగట్టులా తగిలింది.

"తల ఎవరు ఒత్తినారు తల్లీ?"

"మా యత్త సార్. దినామూ."

"ఒత్తిన తలకు గట్టు రాదే!"

తిప్పక్క తల దించుకుంది. "ఎవురూ ఒత్తల్యా సార్. అత్త ల్యాదు, అమ్మ ల్యాదు. నేనే నాలుగు చెంబులు పోస్తి. ఆ పెట్టె అడిగితే, దిక్కుల్యాని బిడ్డ అనుకుంటారని అట్ల చెప్తి."

నర్సు ఖైరున్ నెత్తి కొట్టుకుంది. "పెట్టె ముందర పరువెందుకే పిల్లా! అది నీకేమన్నా సంబంధం చూస్తాదా?"

జవాబు మార్చమన్నాడు సుంకన్న. ఏడాది దాకా మారదంది కొలత. తల లోపలి బొమ్మ తీసే లోచూపు గది తలుపు కూడా తెరవలేదు. ఖైరున్ సామాన్ల గదిలోని పాత ఎక్స్‌రే మిషన్ దుమ్ము దులిపింది. ఫిల్ము మీద ఎడమ అతుకు గీతే లేదు; ఎముకలు అప్పుడే కలిసిపోయాయి.

"ఏడాది ఆగితే లోపల చోటు చాలదు. చూపు పోవచ్చు," అన్నాడు సుంకన్న తిప్పక్కతో. "అది ఒప్పకుండా కోస్తే నా కత్తి హక్కు పోతాది. అది నా తిప్పలు. నీ మాటేంది?"

"కోయండి సార్."

పిల్లకు పాలు ఆపి, రక్తం సిద్ధం చేసుకున్నారు. కొలత అనుమతి లేదంది. శస్త్రానికి సాయపడే మరచేతులు ముడుచుకున్నాయి.

"ముడుచుకోనీ," అన్నాడు సుంకన్న.

మత్తు డాక్టరు పరమేశు ఏమీ అడగకుండా వచ్చి పిల్ల తల దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా పట్టింది. సుంకన్న తన చేత్తోనే నుదుటి ఎముక విడదీసి, కంటిగూటి పై అంచును ముందుకు జరిపి కట్టాడు.

కోసి తీసిన అతుకు ముక్కను తెచ్చి కొలత కింద పెట్టాడు. ఎముక ఏది వచ్చినా అది రాసుకుని తీరాలి.

"పుట్టుకతో మూసుకున్న అతుకు. ఊరు ఆదోని..." అని ఆగిపోయింది. శాలలోని పది బల్లల మీదా వెలుగు నిలిచిపోయింది. కొలత మళ్లీ పలికింది. "మీ కత్తి హక్కు రద్దయింది. లాలవంపు అని పంపేసిన నాలుగు వేల మందిని మళ్లీ చూడాలా?"

"రద్దయినోణ్ణి నన్నెందుకు అడుగుతావు? పిలువు అందర్నీ."

కొలత మొదటి పేరు చదివింది.

మల్లి తలకట్టు కింద నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. తిప్పక్క మంచం పక్కనే మూట విప్పింది. జొన్నరొట్టెలు, చెనిగింజల పొడి. నలుగురూ నేల మీద కూర్చున్నారు. అవతల పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి. రొట్టె తుంచుకుని తిన్నారు.