ఇంటిచెవి విన్న పైత్యం

గండిచేప పొట్ట కోసి, లోపలి ఆకుపచ్చని చేదుతిత్తిని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగుతోంది నీలవేణి. అది చిట్లిందంటే కూరంతా చేదెక్కుతుంది. ఆమె కడుపులో అలాంటి తిత్తి లేదు. ఆ కాలంలో పెద్దవాళ్ళెవరికీ లేదు. యుక్తవయసు రాగానే పిత్తాశయం తీసేసి, దాని చోట చింతగింజంత పిత్తపాలకాన్ని అమర్చేవారు. కాలేయం కొలెస్ట్రాల్‌ని వాడుకుని పైత్యరసం తయారుచేస్తుంది. ఆ రసాన్ని ఎప్పుడు, ఎంత పేగులోకి వదలాలో పిత్తపాలకం చూసుకునేది. దాంతో పిత్తాశయంలో రాళ్ళన్న మాటే జనం మరిచిపోయారు. గుండెపోట్లు అరుదయ్యాయి. నరసాపురంలో పెళ్ళి భోజనాల దగ్గర నెయ్యి వడ్డిస్తుంటే ముసలివాళ్ళు కూడా చాలని చెయ్యి అడ్డం పెట్టేవారు కాదు.

ప్రతి వంటింటి గోడకీ ఒక ఇంటిచెవి ఉండేది. మనిషి తన ఒంట్లో బాధను డాక్టరుకి సరిగా చెప్పడు, ఇంట్లోవాళ్ళకైతే తెలుస్తుంది అన్న ఆలోచనతో దాన్ని తయారుచేశారు. నాన్నకి తేన్పులు ఆగడం లేదని ఇంట్లో ఎవరైనా అనుకుంటే చాలు, అది విని నాన్న పిత్తపాలకానికి కబురంపేది. ఏ మార్పు కావాలో ఆ రెండూ తేల్చుకునేవి. మనుషులకు ఏమీ తెలిసేది కాదు.

నీలవేణికి మాత్రం ఏడాదిగా తిండి ఒంటబట్టడం లేదు. నూనె తగిలిన ముద్ద లోపలికి వెళితే వికారం. జాకెట్లు వదులయ్యాయి. పొద్దువాలితే చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. చిత్రమేమిటంటే, వేసవిలో మొగల్తూరులో అక్క ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రొయ్యల వేపుడు కూడా కడుపునిండా తిని, కాస్త ఒళ్ళు చేసి వచ్చింది. ఇక్కడికి రాగానే కథ మళ్ళీ మొదటికొచ్చింది. అక్కడ అరిగింది ఇక్కడెందుకు అరగదని భర్త భద్రం అడుగుతుంటాడు. అతను మోటుమనిషి కాడు, కేకలు వేయడు. ఒక మాటనేసి నవ్వి ఊరుకుంటాడు. ఆ మాటకి అత్తగారు అమ్మాజీ కూడా నవ్వుతుంది.

చేపముక్కలు ఉప్పేసి కడుగుతుండగా ఆరోగ్య ఉపకేంద్రం నుంచి నర్సు రూతమ్మ వచ్చింది. నీలవేణి కనురెప్ప కిందికి లాగి చూసి, పచ్చదనం కనబడేసరికి సంచీలోంచి పరికరం తీసి కడుపుకి ఆనించి చూసింది. పిత్తపాలకం పాడవలేదు. కానీ రసాన్ని చుక్కలు చుక్కలుగా మాత్రమే వదులుతోంది.

"బావినిండా నీళ్ళున్నాయమ్మా, తోడేవాడే తోడట్లేదు," అంది రూతమ్మ. "ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే కాలేయం పాడైపోద్ది. అప్పుడిక నా చేతుల్లో ఉండదు."

ఇంటిచెవికి నోరు కూడా ఉంది. విసుగని ఎవరూ వాడరు. అది చేసే పనిని పైకి చెబితే కారణం దొరకవచ్చని రూతమ్మ దాన్ని తెరిచి, కాసేపు ఉంటానంది.

మధ్యాహ్నం భద్రం భోజనానికి వచ్చాడు. అమ్మాజీ అందరికీ చేపలపులుసు వడ్డించింది. నీలవేణి మజ్జిగ పోసుకుంది. నర్సు చెప్పిందంతా విని భద్రం చిరునవ్వు నవ్వాడు.

"మీరు ఊరికే కంగారుపడుతున్నారండీ. అక్క పెడితే అరుగుద్ది, అత్త పెడితే అరగదు. దీనికి జబ్బేం లేదు. పైత్యం ఎక్కువైంది, అంతే."

అమ్మాజీ నవ్వింది. గోడ మీది ఇంటిచెవి నెమ్మదైన గొంతుతో పలికింది.

"విన్నాను. నీలవేణి గారికి పైత్యం ఎక్కువైంది. పిత్తం తగ్గిస్తున్నాను."

భద్రం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇంటిచెవిని చేసినవాళ్ళు దానికి వైద్యగ్రంథాల తెలుగంతా నేర్పారు. పైత్యమంటే పిత్తం పెరగడమని అది నేర్చుకుంది. తిక్కకీ మొండితనానికీ కూడా జనం అదే మాట వాడతారని, అందులోనూ ఇంటి ఆడవాళ్ళ మీద ఎక్కువగా వాడతారని ఎవరూ దానికి చెప్పలేదు.

రోజులో ఎన్నిసార్లంటారని రూతమ్మ అడిగింది.

"లెక్కెట్టుకుంటామేంటమ్మా," అంది అమ్మాజీ. "లేవగానే మొదలెడతాడు."

"నువ్వు తక్కువన్నట్టు," అన్నాడు భద్రం.

నీలవేణి కంచం పక్కకి జరిపింది. తినలేకపోతున్నానని తను చెప్పడం, అతను ఆ మాట అనడం, మర్నాటి ముద్ద ఇంకాస్త బరువుగా దిగడం. ఏడాదంతా జరిగింది ఇదేనని ఆమెకి ఇప్పుడు అర్థమైంది. అక్క ఇంట్లో ఎవరూ తననలా అనరు; అరగడం లేదన్న మాటొక్కటే విని అక్కడి ఇంటిచెవి పిత్తం పెంచి ఉంటుంది.

రూతమ్మ రెండు దారులు చెప్పింది. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనకుండా ఉండటం ఒకటి. ఇంటిచెవికి ఆ మాట వినబడకుండా చేయడం రెండోది. రెండోదైతే, రేపు ఎవరికైనా నిజంగానే పైత్యం చేసినా అది పట్టించుకోదు. అందుకని మొదటిదే మంచిదంది. నీలవేణి తలెత్తి భర్త ముఖంలోకి చూసింది. ఈమధ్యకాలంలో దేనికోసమూ ఆమె అంత ఆశగా ఎదురుచూడలేదు.

భద్రం ఎక్కువసేపు ఆలోచించలేదు.

"వినబడకుండా చేసెయ్యండి. నోటికి అలవాటైపోయిందండీ. ఇప్పుడు మానమంటే ఎక్కడవుద్ది?"

రూతమ్మ ఒకసారి నీలవేణి వంక చూసి, అలాగే చేసింది. పిత్తపాలకాన్ని మామూలుకి తెచ్చి, కొద్దిరోజుల్లో ఒళ్ళు కోలుకుంటుందని చెప్పి సంచీ సర్దుకుంది. భద్రం తేలికపడ్డాడు. పరీక్షించాలనిపించి గోడవైపు తిరిగి, "మా నీలవేణికి పైత్యం," అన్నాడు. ఇంటిచెవి పలకలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అప్పుడూ పలకలేదు. అమ్మాజీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూశావా, ఇంకెన్నిసార్లన్నా నీకేం కాదు," అన్నాడతను భార్యతో, ప్రేమగానే.

నీలవేణి లేచి చెయ్యి కడుక్కుంది. తడి చేతుల్ని చీరకి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి చెప్పులేసుకుంది. గుమ్మంలో ఉన్న రూతమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. లోపల భద్రం ఇంకో చేపముక్క వెయ్యమని తల్లిని అడుగుతున్నాడు. నీలవేణి వీధి తలుపు చేరవేసి, మొగల్తూరు బస్సు ఆగే వైపు నడిచింది.