గుండు మలుపులో చప్పుడు

ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు వైపు దిగే దారిలో అప్పట్లో ఒక మలుపుండేది. ఒక పక్క ఇంటెత్తు బండరాయి. ఇంకో పక్క సీతాఫలం పొదలు. తొంభై, తొంభై ఒకటి నాటి మాట. ఇళ్ళు పలచగా ఉండేవి, వీధి దీపం లేదు. ఆ బండరాయిని బట్టి గుండు మలుపు అనేవాళ్ళు దాన్ని. చీకటి పడ్డాక మాత్రం ఆ పేరు కూడా ఎత్తేవాళ్ళు కాదు.

అక్కడ ఒకడు తిరుగుతాడట. తెల్లబట్టలు. నడుం వంచి రోడ్డంతా చేతుల్తో తడుముతూ ఉంటాడట... గుసగుసగా ఎవరినో పిలుస్తూ. షూటింగు ముగించుకుని కృష్ణానగర్‌లో గదులకు నడిచిపోతున్న ఇద్దరు డాన్సర్లు చూశారు. చెప్పులు అక్కడే వదిలేసి పరుగు పెట్టారు. ఆ తర్వాత రాత్రిపూట ఆ దారిన కాలినడకన వెళ్ళిన వాడు లేడు.

సుబ్బరామయ్య ఒక్కడే నవ్వేవాడు. ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. ఏలూరు మనిషి. దెయ్యాల్ని నమ్మడు, మనుషుల్ని అసలే నమ్మడు.

ఆ రోజుల్లో ఆయన అనుమానమంతా కంపెనీ అంబాసిడర్ నడిపే హనుమంతు మీద. సిద్దిపేట వైపు నుంచి వచ్చినవాడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. ప్యాకప్ అయ్యాక తల్లి వేషాలు వేసే లీలాకుమారి గారిని మధురానగర్‌లో దింపి, కారు తెచ్చి ఫిల్మ్ నగర్ ఆఫీసులో పెట్టాలి. ఎంతసేపటి పని? కానీ వాడు ఎప్పటికో గాని రాడు. పెట్రోలు నీళ్ళలా అయిపోతోంది. అడిగితే తల వంచుకుంటాడు.

"కిరాయికి తిప్పుతున్నాడు," అనుకున్నాడు సుబ్బరామయ్య. "ఇవాళ పట్టుకుంటా."

ఆ రాత్రి చెక్‌పోస్టు దగ్గర స్కూటర్ మీద కాపు కాశాడు. లీలాకుమారి గారిని దింపేసి కారు ఖాళీగా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఎవరూ ఎక్కలేదు. నేరుగా పైకెక్కింది. సుబ్బరామయ్య లైటు ఆర్పేసి వెనకాలే వెళ్ళాడు. కారు గుండు మలుపు తిరిగింది...

ఆయన తిరిగేసరికి కారు లేదు.

స్కూటర్ ఆపాడు. ఇంజను శబ్దం పోయాక చీకటి ఇంకా దగ్గరికి జరిగినట్టనిపించింది. గాలి లేదు. అయినా పొదలు కదులుతున్నాయి.

"ఉన్నరా...? ఎవరన్నా ఉన్నరా...?"

ఎక్కడో నేల మీంచి వచ్చినట్టుంది ఆ గొంతు. తర్వాత పొదల్లోంచి తెల్లగా ఒకటి పాక్కుంటూ రోడ్డు మీదికొచ్చింది. అరచేతుల్తో తారు తడిమింది. ఆ చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ తడిమింది.

సుబ్బరామయ్యకు ఆంజనేయ దండకం మొదటి ముక్క కూడా గుర్తు రాలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఒక పుల్ల విరిగింది. రెండోది వెలిగింది.

ఆ తెల్లది తలెత్తింది.

హనుమంతు.

తెల్లటి డ్రైవరు యూనిఫాం మోకాళ్ళ దగ్గర చిరిగి ఉంది. అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి. కారు, లైట్లార్పి, బండరాయి చాటున ఉంది.

"ఏం వెతుకుతున్నావయ్యా ఇక్కడ?"

"మనిషిని సార్."

"ఏ మనిషిని?"

"నా బండి కింద పడ్డ మనిషిని."

సుబ్బరామయ్య పరుగున వెళ్ళి అగ్గిపుల్లల వెలుగులో బంపరు చూశాడు. గీత లేదు, మరక లేదు. పొదల్లో చూశాడు. ఎవరూ లేరు.

"ఎవరూ లేరు హనుమంతూ."

హనుమంతు ఊపిరి పీల్చుకున్నాడు. మొహం తేటపడింది... ఒక్క క్షణమే.

"రాయి వెనకాల చూసిన్రా సార్?"

చూసి వచ్చాడు. "లేరు."

"బండి కింద?"

"లేరు!"

"మల్ల పొదలల్ల... మీరు సక్కగ చూసిన్రా సార్?"

సుబ్బరామయ్య వాడి కళ్ళలోకి చూశాడు. దొంగ చూపు కాదది. తనకు తనే పోలీసై, తనకు తనే ముద్దాయై నిలబడ్డ మనిషి చూపు.

రోడ్డు పక్కన కూర్చోబెడితే చెప్పుకొచ్చాడు. ఎప్పుడో ఒకసారి ఈ మలుపులో కుక్క అడ్డమొచ్చింది. తప్పించాడు. తగల్లేదు. కానీ ఇంటికి పోయి పండుకుంటే— తగిలిందేమో? కుక్క కాదేమో? మనిషేమో? తెల్లారి వచ్చి చూసుకున్నాడు. మనసు కుదుటపడింది. మర్నాడు రాత్రి ఆ మలుపులో చక్రం కింద మెత్తగా ఏదో చప్పుడైనట్టు... అప్పట్నుంచి ప్రతి రాత్రీ అంతే; ఆఫీసు దాకా పోయి కూడా మళ్ళీ మళ్ళీ బండి తిప్పుకుని వచ్చి చూస్తాడు.

"ఎవ్వరుండరని నాకెరికె సార్. అయినా దిగకుంటే పానం నిలువదు. దయ్యం పట్టిందని మైసమ్మకు కోడిని గూడ కోసిన. పోలే."

సుబ్బరామయ్య తిట్టలేదు. ఆ వారమే స్వయంగా వెంటబెట్టుకుని మనసు జబ్బులు చూసే డాక్టరు శారదాదేవి గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ అంతా విని, హనుమంతుతోనే మాట్లాడింది.

"నీకు దెయ్యమూ పట్టలేదు, పిచ్చీ ఎక్కలేదు. అనుమానపు జబ్బు. నువ్వు వద్దన్నా మనసు వదలకుండా ఒకే ఆలోచన తెచ్చి పెడుతుంది. నువ్వు దిగి చూసిన ప్రతిసారీ దానికి మేత వేసినట్టే. మందు ఇస్తాను. మెల్లమెల్లగా దిగడం మానాలి. భయం వస్తుంది, రానీ. దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవాలి."

తర్వాత సుబ్బరామయ్య వైపు తిరిగింది. "మీరూ 'ఎవరూ లేరు' అని చెప్పకూడదు. ఆ మాట కోసమే అడుగుతాడు."

మందు పని చేయడానికి వారాలు పట్టింది. కొన్ని రాత్రులు హనుమంతు కారు ఆపి దిగాడు. కొన్ని రాత్రులు ఆగి, దిగకుండా ఏడ్చాడు. చివరికొక రాత్రి, "ఇయ్యాల ఆపను సార్. పక్కన కూసోండ్రి," అన్నాడు.

కారు పైకెక్కింది. మలుపు వచ్చింది. హనుమంతు చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. చెంపల మీంచి చెమట కారుతోంది. బండరాయి పక్క నుంచి జరిగిపోతోంది...

అప్పుడు సుబ్బరామయ్యకు వినిపించింది.

చక్రం కింద, మెత్తగా, ఒక చప్పుడు.

మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది.

"తిరగకుండ్రి సార్..." గుసగుసగా అన్నాడు హనుమంతు, కళ్ళు రోడ్డు మీది నుంచి తీయకుండా. "నేను తిరుగుతలేను గద."

కారు ఆగలేదు. ఆఫీసు షెడ్డులో పెట్టి, తాళం ఆయన చేతికిచ్చి, హనుమంతు ఇంటికి వెళ్ళి చాలాకాలం తర్వాత కడుపునిండా తిని పడుకున్నాడట.

సుబ్బరామయ్యకే నిద్ర పట్టలేదు. రాయా? కొమ్మా? తన భయమా? లేక... అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఒక్క రాత్రికే ఇలా ఉంటే ఆ మనిషి ఇన్నాళ్ళు ఎలా మోశాడు?

తెల్లవారకముందే లేచి స్కూటర్ తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చాడు.

ఆ తర్వాత వెళ్ళి చూశాడో, తాళంచెవి మళ్ళీ మేకుకు తగిలించాడో... ఆయన ఎవరికీ చెప్పలేదు.